ముద్ద పుక్కిట పెట్టుకుని కూర్చునే పిల్లాడు

ప్రశ్న: నమస్తే మేడం. మాది ఒంగోలు, ఎనిమిదేళ్లుగా బెంగళూరులోనే, మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. మా బాబుకి ఆరున్నరేళ్లు. ఎప్పుడు చూసినా నోరు తెరుచుకునే ఉంటాడు, రాత్రి గురక, పొద్దున దిండు తడి. అసలు బాధ తిండి దగ్గర. ముద్ద పుక్కిట పెట్టుకుని కూర్చుంటాడు, ప్రతి ముద్దకీ నీళ్లు కావాలి, నమిలితే పక్క రూమ్‌లోకి చప్పుడు వినిపిస్తుంది. పెరుగన్నం, ఇడ్లీ, నూడుల్స్ ఓకే, చపాతీ, చికెన్ ముక్క అంటే వద్దంటాడు. స్కూల్ డబ్బా సగం వెనక్కి వస్తుంది. అత్తయ్యగారు గారాబం అంటారు, మావారు టీవీ వల్లే అంటారు. మొన్న పుప్పి పన్నుకని డెంటిస్ట్ దగ్గరికెళ్తే ఆవిడ, వీడు నోటితో గాలి పీలుస్తున్నాడు, ఎలా నములుతున్నాడో స్పీచ్ థెరపిస్ట్‌తో ఒకసారి అసెస్ చేయించండి అన్నారు. మాటలు బాగానే వచ్చు కదా, నమలడానికి స్పీచ్ థెరపిస్ట్ ఏంటి? నమలడంలో పరీక్ష ఏముంటుంది? ఇంట్లో మేమే చూసుకోవచ్చా?

సమాధానం: ముందు మీరూ, మీవారూ, అత్తయ్యగారూ ముగ్గురూ కూర్చుని ఒక పని చేయండి. ముక్కు రెండు వేళ్లతో మూసుకుని చిన్న చపాతీ ముక్క నోట్లో వేసుకుని, పెదాలు తెరవకుండా నమిలి చూడండి. కాసేపు నమిలేసరికి ఊపిరాడదు, అప్పుడు మీ ముందు మూడే దార్లుంటాయి, నోరు తెరిచి చప్పుడు చేసుకుంటూ నమలడం, లేదా సగం నమిలిందాన్ని నీళ్లతో లోపలికి తోసేయడం, లేదా ముద్దని పుక్కిట పెట్టేసి కాసేపు గాలి పీల్చుకోవడం. మీ ఉత్తరంలో మీవాడి గురించి రాసిన మూడూ ఇవే కదండీ. గారాబం ఉందో లేదో నాకు తెలీదు, ఆరున్నరేళ్ల పిల్లాడికి ఇంట్లో నానమ్మ ఉంటే ఎంతో కొంత ఉండే తీరుతుంది, కానీ ఊపిరికీ ముద్దకీ మధ్య పోటీ వచ్చినప్పుడు ఏ పిల్లాడైనా ఊపిరినే ఎంచుకుంటాడు, అది వాడి చేతిలో ఉన్న విషయం కాదు.

నమలడం అంటే పళ్లు కొట్టుకోవడం ఒక్కటే అనుకుంటాం గానీ అందులో సగం పని పెదాలది, బుగ్గలది, నాలుకది. పెదాలు మూసి ఉంటేనే ముద్ద ముందుకి జారకుండా ఉంటుంది, నాలుక ఇటు నుంచీ బుగ్గ అటు నుంచీ దాన్ని దవడ పళ్ల మధ్యకి తోస్తూ ఉంటాయి, లాలాజలం కలుస్తుంది, ముద్ద మెత్తబడ్డాక నాలుక దాన్ని కూడగట్టి వెనక్కి పంపిస్తుంది. గుటక వేసేటప్పుడు ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, మనందరికీ అంతే. ముక్కు దిబ్బడ ఉన్న పిల్లాడికి ఆ క్షణం కూడా బరువే, అందుకే గుటకని వాయిదా వేస్తుంటాడు, నోరు తెరిచి ఉండటంతో ముద్ద పళ్ల మధ్యకి వెళ్లకుండా నాలుక మీదే ఉండిపోతుంది, వాడు దాన్ని నమలడు, అంగిలికి నొక్కి చప్పరిస్తాడు. ఇడ్లీ, పెరుగన్నం అలా నొక్కితే అయిపోతాయి, చికెన్ ముక్క అవ్వదు. మెత్తటి తిండి మీద ఇష్టం అని మీరు అనుకుంటున్నది చాలామటుకు ఇదే.

స్పీచ్ థెరపిస్ట్ ఎందుకంటే, మాటకి వాడే పెదాలూ నాలుకా దవడా తిండికి వాడేవి కూడా అవే. నేనూ స్పీచ్ థెరపిస్ట్‌నే, నమలడం, మింగడం మా చదువులో భాగం, కాకపోతే మన ఊళ్లలో మమ్మల్ని మాటలు రాని పిల్లల దగ్గరికే పిలుస్తారు కాబట్టి జనానికి తెలీదు. ఈ నమలడం చూసే పనిని బాగా ముందుకి తీసుకెళ్లింది బ్రెజిల్ వాళ్లు, నోటితో గాలి పీల్చే పిల్లలు ఎలా తింటారన్న దాని మీద అక్కడ మా ప్రొఫెషన్ వాళ్లు ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్నారు. 2008లో ఫెలీసియో, ఫెరైరా అనే ఇద్దరు 6 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం మార్కులు వేసే పద్ధతి ఒకటి ప్రచురించారు, ఓమెస్ అంటాం. ముఖం, పెదాలు, నాలుక, ఊపిరి, నమలడం, మింగడం, ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఉంటుంది, మీ డెంటిస్ట్ అడిగిన అసెస్‌మెంట్ ఇలాంటిదే.

అయితే దానికన్నా ముందు ముక్కు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే థెరపీ మీద ఆశపడి ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లకుండా నేరుగా మా దగ్గరికి వచ్చే వాళ్లు ఎక్కువయ్యారు. ముక్కులోంచి గాలే పోకపోతే పెదాలు మూసి నమలరా నాన్నా అని నేను నేర్పించడం పిల్లాడిని హింసించడమే అవుతుంది. ఈ వయసులో మొదట అనుమానించేది అడినాయిడ్స్. ముక్కు వెనకాల, అంగిలి పైన ఉండే కండ అది, నోరు తెరిచి టార్చ్ వేసినా కనపడదు, ఈఎన్‌టీ డాక్టర్ సన్న గొట్టం కెమెరాతోనో పక్క నుంచి తీసే ఎక్స్‌రేతోనో చూడాలి. మూడు నుంచి ఏడేళ్ల మధ్య అది బాగా పెద్దదిగా ఉంటుంది, టీనేజ్ వచ్చేసరికి దానంతట అదే తగ్గుతుంది, అందుకే కొందరికి ఆగి చూద్దాం అంటారు, కొందరికి ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు ఇస్తారు, కొందరికి ఆపరేషన్. స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడి సీసా బీరువాలో పెట్టేయకండి, డాక్టర్ చెప్పిన డోసు చెప్పినన్నాళ్లు కొట్టండి, సీసా మూతిని ముక్కు మధ్య గోడ వైపు కాకుండా కొంచెం చెవి వైపుకి తిప్పి కొట్టాలి.

రెండోది ఎలర్జీ. బెంగళూరు వచ్చాకే తుమ్ములు మొదలయ్యాయి అనే మాట మన తెలుగు వాళ్ల ఇళ్లలో ఎంతమంది నోట విన్నానో, ఇక్కడి చలి, ఖాళీ సైట్లలో పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి, మీ ఔటర్ రింగ్ రోడ్డు వైపు అయితే మెట్రో పనుల దుమ్ము, ఇంట్లో పరుపుల్లో ఉండే కంటికి కనపడని పురుగులు, అన్నీ కలుస్తాయి. ఊరెళ్లినప్పుడు వాడి ముక్కు తేలికపడుతోందా లేదా అన్నది గమనించి డాక్టర్‌కి చెప్పండి, పనికొస్తుంది. గురక గురించి కూడా దాచకుండా చెప్పండి. గురక పెడుతూ పెడుతూ మధ్యలో చప్పుడు ఆగిపోయి, మళ్లీ ఉలిక్కిపడ్డట్టు గాలి పీలుస్తున్నాడా, పక్క తడపడం మళ్లీ మొదలైందా, పగలు ఊరికే చిరాకు పడుతున్నాడా, బరువు పెరగట్లేదా, వీటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ వచ్చే నెలకి తోయకండి. ఒక్క ముక్కు రంధ్రం నుంచే, వాసన కొట్టే చీమిడి కారుతుంటే మాత్రం అది ఎలర్జీ కాదు, పూసో శనగగింజో దూర్చుకున్నాడేమో అదే రోజు చూపించాలి.

ఇప్పుడు ఆ పుప్పి పన్ను సంగతి. ఏ పక్కదో మీరు రాయలేదు. నేను ఇది అడగడానికి కారణం ఉంది. ఈ పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక పాప వచ్చింది, ఎనిమిదేళ్లు, ముద్ద ఎప్పుడూ కుడి పక్కే. నేను చాలా శ్రద్ధగా లెక్కపెట్టి, ఎడమ వైపు కండరాలు బలహీనం అని రాసి, ఎడమ పక్క నమిలే ఎక్సర్‌సైజులు ఇచ్చి పంపాను. మూడు వారాలు ఆ పిల్ల ఏడుస్తూ చేసింది. తర్వాత చూస్తే ఎడమ పక్క కింద దవడ పన్ను లోపల లోపల పుచ్చి ఉంది, పైకి చిన్న చుక్కలా కనిపించింది అంతే, నేను అద్దం పెట్టి చూడలేదు. బలహీనతా కాదు ఏమీ కాదు, నొప్పి. అప్పట్నుంచీ నోట్లో పళ్ల లెక్క పూర్తయ్యేదాకా నేను ఏ పక్క నములుతున్నారు అన్న కాలమ్ నింపను. మీవాడి వయసుకి ఇంకో తిరకాసు కూడా ఉంది, ఆరేళ్లకి వెనక కొత్త శాశ్వత దవడ పళ్లు వస్తుంటాయి, ముందు పాలపళ్లు ఊడుతుంటాయి, ముందు రెండు పళ్లూ లేని పిల్లాడు దోసె కొరకలేదని మార్కులు కోస్తే ఎలాగండీ.

ఇక పరీక్షలో ఏం చూస్తాం అంటారా. తిండి పెట్టకముందే సగం చూసేస్తాం. వెయిటింగ్ రూమ్‌లో బొమ్మతో ఆడుకుంటున్నప్పుడు పెదాలు కలిసి ఉన్నాయా, పెదాలు కలపమంటే గడ్డం మీద చర్మం నారింజ తొక్కలా ముడతలు పడుతోందా (అలా పడితే బలవంతంగా కలుపుతున్నాడని), నాలుక ఎక్కడ పెట్టుకుంటున్నాడు, టాన్సిల్స్ ఎంతున్నాయి, పళ్లు కరిచిపెట్టినప్పుడు ముందు సందు ఉందా, పై దవడ ఇరుగ్గా ఉండి పై పళ్లు కింది పళ్లకి లోపలగా కూర్చుంటున్నాయా. ముక్కు కింద చల్లటి స్టీలు పలక పెట్టి రెండు రంధ్రాల ఆవిరి చూస్తాం, రెండూ సమానంగా రాకపోతే కంగారు పడక్కర్లేదు, ముక్కులో కొన్ని గంటలకోసారి ఒక పక్క బిగుసుకుని ఇంకో పక్క తెరుచుకోవడం అందరికీ మామూలే. తర్వాత ఒక గుక్క నీళ్లు నోట్లో పట్టుకుని మింగకుండా పెదాలు మూసి కూర్చోమంటాం, ఇబ్బంది పడితే వెంటనే ఆపేస్తాం. ఒకటి రెండు నిమిషాలు హాయిగా కూర్చున్నాడంటే ముక్కులో దారి ఉన్నట్టే, నోరు తెరవడం పాత అలవాటుగా మిగిలిందేమో అని ఆలోచిస్తాం. ముక్కు బాగుపడ్డాక కూడా నోరు తెరిచే ఉండే పిల్లలు తక్కువేం కాదు, ఆపరేషన్ అయిన ఆరునెలలకి కూడా అలాగే ఉన్నాడని తిట్టుకుంటూ వస్తారు తల్లిదండ్రులు.

అప్పుడు తిండి. ఎలా కొరుకుతున్నాడు, ముందు పళ్లతోనా, పక్క పళ్లతోనా, చేత్తో తుంచి వేసుకుంటున్నాడా. కొరికాక పెదాలు మూశాడా. ముద్ద ఎటు వెళ్లింది. దవడ ఊరికే పైకీ కిందకీ ఆడుతోందా లేక కొంచెం పక్కకి తిరుగుతూ రుబ్బుతున్నట్టు ఆడుతోందా, రెండోదే పెద్దయిన నమలడం, రోట్లో పొత్రం తిరిగినట్టు ఉంటుంది. పక్కలు మారుస్తున్నాడా. ఓమెస్‌లో రెండు పక్కలా మార్చి మార్చి నమిలితే మంచి మార్కు, దాదాపు 66 శాతం ఒకే పక్క అయితే అది ఇష్టమైన పక్క అంటారు, 95 శాతం దాటితే ఒంటి పక్క నమలడం పాతుకుపోయింది అని లెక్క. మధ్యలో గాలి కోసం ఎన్నిసార్లు ఆగాడు, మెడ వెనక్కి వంచాడా, మింగేటప్పుడు మూతి బిగించాడా, నాలుక పళ్ల మధ్య నుంచి బయటికి వచ్చిందా. మింగాక నోరు తెరవమంటే నాలుక మీదా బుగ్గ సందుల్లోనూ ఎంత మిగిలింది. ఈ చివరిది చాలామంది చూడరు, నాకైతే అదే అన్నిటికంటే ఎక్కువ చెప్తుంది, ఎందుకంటే మిగతావన్నీ వాడు ఎలా తిన్నాడో చెప్తాయి, ఇది పని అయ్యిందో లేదో చెప్తుంది.

టైమ్, ఎన్నిసార్లు నమిలాడు అన్న లెక్కా తీస్తాం, కానీ అవి ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. నోటితో గాలి పీల్చే పిల్లల్లో కొందరు గబగబా నాలుగుసార్లు నమిలి మింగేస్తారు, తొందరగా అయిపోతే ఊపిరి పీల్చుకోవచ్చని, కొందరు మీవాడిలా అరగంట సాగదీస్తారు, రెండూ ఒకే ఇబ్బందికి రెండు జవాబులు. జపాన్‌లో పెద్దవాళ్ల చేత చూయింగ్ గమ్ నమిలించి చూస్తే, నోటితో గాలి పీలుస్తూ నమిలినప్పుడు అంతే పని అవ్వడానికి ఎక్కువ సేపు పట్టింది, అంటే ఎక్కువ సేపు నమిలినంత మాత్రాన బాగా నమిలినట్టు కాదు. కాబట్టి ముప్పైరెండు సార్లు నమలాలి అని తాతగారు పెట్టే రూలు దయచేసి వాడి మీద పెట్టకండి.

ఇంట్లో చూసుకోవచ్చా అంటే, తీర్పు చెప్పడానికి కాదు గానీ నాకు సాక్ష్యం ఇవ్వడానికి తప్పకుండా చూసుకోవచ్చు, అసలు క్లినిక్‌లో కొత్త మనిషి ముందు పిల్లలు వాళ్లలా తినరు, మీ డైనింగ్ టేబుల్ వీడియోనే నాకు బంగారం. జలుబు లేని మూడు రోజులు ఎంచుకోండి. ఫోన్‌ని చేత్తో పట్టుకోవద్దు, డబ్బాకి ఆనించి వాడి మొహం ఎత్తులో ఎదురుగా పెట్టండి, ఛాతీ దాకా కనపడాలి, కిటికీ వెలుతురు మొహం మీద పడాలి. టీవీ ఆపండి. అన్నిటికంటే కష్టమైన రూల్ ఏంటంటే, సరిగ్గా నములు, నోరు ముయ్యి అని ఒక్క మాట కూడా అనకూడదు, అన్న మరుక్షణం వాడు మీకోసం నటిస్తాడు, ఆ వీడియో ఎందుకూ పనికిరాదు. అత్తయ్యగారిని ఆ పది నిమిషాలు గుడికి పంపించినా తప్పులేదు.

మూడు రోజులూ అవే మూడు పెట్టండి: ఇడ్లీ ముక్క, కూర లేని చపాతీ ముక్క, ఒక జంతిక గానీ చేగోడీ గానీ, అదీ లేకపోతే గట్టి బిస్కెట్. ఒక్కొక్కటి అరచేతిలో పెట్టండి, మీరు నోట్లో పెట్టొద్దు, ఎంత కొరుకుతాడో కూడా మాకు కావాలి. అన్నం వద్దు, పప్పు కలిపిన అన్నం నమలకుండానే జారిపోతుంది, ఏమీ తెలీదు. ఇక్కడి రాగిముద్ద అసలే వద్దు. మాది హిందూపురం, సంగటి తిని పెరిగిన దాన్ని, ముద్దని సారులో, అంటే చారులాంటి పులుసులో ముంచి గుటుక్కుమని మింగడమే దాని పద్ధతి, నమిలితే మా అవ్వ నవ్వేది, అలాంటి తిండి పెట్టి పిల్లాడు నమలట్లేదు అని ఒకావిడ నాకు వీడియో పంపించారు ఒకసారి! నీళ్ల గ్లాసు పక్కన ఉండనివ్వండి, అడిగితే ఇవ్వండి, ఎన్నిసార్లు తాగాడో వీడియోలో పడుతుంది. ఒక కాగితం మీద రోజు, టైమ్, ముక్కు ఎలా ఉంది, రాత్రి గురక ఎలా ఉంది రాసి పెట్టండి, చాలు. తింటుంటే పొలమారి దగ్గు తెరలు తెరలుగా వచ్చినా, తిన్నాక గొంతు తడి తడిగా గురగురమన్నా వీడియోలు ఆపేసి ముందు డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో నాలుగేళ్ల లోపు పిల్లలు ఇంకెవరైనా ఉంటే ఈ జంతికలూ పల్లీలూ వాళ్ల చేతికి అందనివ్వకండి.

ఈలోగా భోజనం దగ్గర ఏం చేయాలంటే, ముద్ద సైజు తగ్గించండి, ముద్దకీ ముద్దకీ మధ్య రెండు ఊపిర్లు తీసుకోనివ్వండి, నోట్లో ఉండగానే నీళ్లు పోయకుండా మింగాక ఒక గుక్క ఇవ్వండి. స్కూల్ డబ్బాలో చపాతీ రోల్ పెట్టి పంపి తినలేదని సాయంత్రం గొడవ పెట్టుకునే బదులు కొన్నాళ్లు మెత్తటివే పెట్టి, కష్టమైనవి టైమ్ ఉన్న ఇంటి భోజనంలో పెట్టండి, మెత్తటివి మాత్రమే అని శాశ్వతంగా ఫిక్స్ అయిపోకండి, దవడకి పని లేకపోతే అదీ నష్టమే. భోజనం ముప్పై నిమిషాల దగ్గర ఆపేయండి. నోటికి టేప్ అంటించి పడుకోబెడితే ముక్కు అలవాటవుతుందని రీల్స్ తిరుగుతున్నాయి చూశారా, వాటి జోలికి అస్సలు పోవద్దు, అడినాయిడ్స్‌తో ముక్కు మూసుకున్న పిల్లాడికి ఉన్న ఒకే ఒక్క గాలి దారిని మూసేయడమే అది.

మొహం పొడుగ్గా అయిపోతుంది, దవడ మారిపోతుంది అని కూడా మీరు నెట్‌లో చదివే ఉంటారు. 1970ల్లో హార్వోల్డ్ అనే ఆయన అమెరికాలో కోతిపిల్లల ముక్కులు మూసి చూశారు, పళ్లూ దవడలూ మారాయి నిజమే, కానీ అన్నిటికీ ఒకేలా మారలేదు, ఒక్కో కోతి ఒక్కో రకంగా సర్దుకుంది. పిల్లలూ అంతే, దీర్ఘకాలం అలాగే ఉంటే ప్రభావం ఉంటుంది, ఎవరికి ఎంత అని ముందే చెప్పలేం. పై దవడ ఇరుగ్గా ఉందని తేలితే పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిస్ట్ దాన్ని వెడల్పు చేసే ప్లేట్ గురించి మాట్లాడతారు, అది వాళ్ల లెక్క, ఆరున్నరేళ్లకి మీరు ఆలస్యం ఏం చేయలేదు.

వరస ఇలా పెట్టుకోండి, ఈఎన్‌టీ, ఆ పుప్పి పన్ను పూర్తి చేయించడం, ఆ తర్వాత థెరపిస్ట్. థెరపిస్ట్‌కి ఫోన్ చేసినప్పుడే, మీరు నమలడం మింగడం కేసులు చూస్తారా అని సూటిగా అడగండి, అందరూ చూడరు, స్పీచ్ థెరపిస్టులు పేరు నమోదు చేసుకునే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. బెంగళూరులో పెద్ద హాస్పిటళ్లలో ఈ విభాగం ఉంటుంది, మైసూరులో మాట, వినికిడి సమస్యలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆయిష్ కూడా ఉంది, పొద్దున్నే రైలెక్కి వెళ్లి రావచ్చు. వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఆ వీడియోలు, ఎక్స్‌రే ఉంటే ఎక్స్‌రే, ఇంట్లో చేసిన జంతికలు నాలుగు డబ్బాలో పట్టుకెళ్లండి, క్లినిక్ బిస్కెట్ కంటే వాడికి తెలిసిన తిండి మేలు. ఆ రోజు పొద్దున టిఫిన్ మాత్రం కొంచెం తక్కువ పెట్టండి, కడుపు నిండిన పిల్లాడి చేత జంతిక నమిలించడం ఎవరి వల్లా కాదు.